మూసీ నీళ్లు మనమే కొలుద్దామంటే: ఎక్కడ, ఎప్పుడు, దేంతో?

వాగుగట్టు:
అందరికీ నమస్తే. మాది వలిగొండ మండలం, మూసీ కాలువ కింద వ్యవసాయం. ఊళ్లో కొందరం కలిసి నెలనెలా మూసీ నీళ్లు పరీక్ష చేయిద్దామని అనుకుంటున్నాం. ఎవరొచ్చినా సంగెం బ్రిడ్జి మీద నిలబడి ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఫొటో దిగి పోతున్నారు తప్ప, ఈ నెల నీళ్లు పోయిన నెలకన్నా నయమా, అధ్వానమా అంటే చెప్పేవాళ్లు లేరు. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) పట్టికలు వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూశాం. నెలకో అంకె. పొద్దున తీసిందా మధ్యాహ్నం తీసిందా, వాన పడ్డ మర్నాడు తీసిందా, ఏమీ తెలియదు.

ఆన్‌లైన్‌లో టీడీఎస్ పెన్ను ఒకటి తెప్పించాం. కాలువలో పెడితే ఒక అంకె, మా బోరులో పెడితే అంతకన్నా పెద్ద అంకె. దాంతో ఊళ్లో ఒక బ్యాచ్ "చూశారా, బోరుకన్నా మూసీయే మేలు" అని మొదలుపెట్టింది. ఇది నిజమేనా? అసలు ఏం కొనాలి, ఎక్కడ తీయాలి, మేం తీసిన అంకెల్ని ఎవరైనా పట్టించుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

టైట్రేషన్72:
ముందు ఆ బ్యాచ్‌ని ఆపండి. టీడీఎస్ పెన్ను కొలిచేది నీటిలో కరిగిన లవణాలను, అదీ నేరుగా కాదు, కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూసి లెక్క వేసి చూపిస్తుంది. మలం కలిసిందా, కుళ్లే పదార్థం ఎంత ఉంది, బ్యాక్టీరియా ఉందా అన్నది దానికి కనపడదు. మీ బోరులో రాతిలోంచి వచ్చే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ కాబట్టి అంకె పెరిగింది. పేరుకే పెన్ను, చేసే పని ఒక్కటే. అయితే పారేయకండి, దానితో ఒక పని ఉంది, తర్వాత చెప్తాను.

నది ఆరోగ్యానికి మొదట చూడాల్సింది రెండు. ఒకటి డీఓ, నీటిలో కరిగిన ఆక్సిజన్. రెండు బీఓడీ, ఆ నీటిలోని కుళ్లు పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. మన దేశంలో ఇప్పుడు నమూనాను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి చూస్తారు. ఆ తర్వాత కోలిఫాం (మలం కలిసిందేమో సూచించే బ్యాక్టీరియా), అమ్మోనియా, పీహెచ్, విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత.

కేంద్ర మండలి వాడే కొలమానం ఇది. స్నానానికి పనికి రావాలంటే డీఓ లీటరుకు కనీసం 5 మి.గ్రా. ఉండాలి, బీఓడీ 3 మించకూడదు, 100 మి.లీ.లో మొత్తం కోలిఫాం 500 మించకూడదు. చేపలు బతకాలంటే డీఓ కనీసం 4. సాగుకు ఐతే డీఓ, బీఓడీ అడగరు, పీహెచ్, వాహకత, సోడియం నిష్పత్తి, బోరాన్ చూస్తారు. అందుకే ఎవరైనా "సాగుకు పనికొస్తాయి" అని సర్టిఫికెట్ ఇచ్చినంత మాత్రాన ఆ నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కాదు. ఆ తరగతి ప్రమాణాల్లో బ్యాక్టీరియా ప్రస్తావనే లేదు, ఆ నీటిలో మోకాలి లోతున దిగి నాట్లేసే మనిషి ప్రస్తావనా లేదు.

సెన్సార్‌సాయి:
సార్ చెప్పింది కరెక్టే కానీ ఈ కాలంలో కూడా సీసాలు పట్టుకుని తిరగడం ఎందుకు? డీఓ, పీహెచ్, ఈసీ (అదే విద్యుత్ వాహకత), టెంపరేచర్ సెన్సార్లు ఒక తేలే డబ్బాలో పెట్టి, సోలార్ ప్యానెల్, సిమ్ కార్డు వేస్తే 15 నిమిషాలకోసారి రీడింగ్ ఫోన్‌కే వస్తుంది. బాపూఘాట్ నుంచి వాడపల్లి దాకా పది చోట్ల పెడితే మొత్తం మూసీ లైవ్‌లో కనిపిస్తుంది. నేను కోడ్ రాసి పెడతా, డ్యాష్‌బోర్డు కూడా.

నాలాపక్కిల్లు:
బాబూ, మా ఇంటి ముందు నాలాలో సీసీ కెమెరానే నెల ఉండలేదు 😀

టైట్రేషన్72:
సాయి గారూ, మీ ఉత్సాహం కాదనను. ఇబ్బంది దొంగతనం ఒక్కటే కాదు. మూసీలాంటి నీటిలో పెట్టిన సెన్సార్‌కి కొద్ది రోజుల్లోనే జిగురు పొర పడుతుంది. పొర పట్టాక డీఓ సెన్సార్ నదిని కొలవడం మానేసి ఆ పొరలో బతికే సూక్ష్మజీవుల ఊపిరిని కొలుస్తుంది. పీహెచ్ ఎలక్ట్రోడ్ తిన్నగా ఉండదు, రోజురోజుకీ పక్కకి జరుగుతుంది. వారం వారం వెళ్లి తుడిచి, తెలిసిన ద్రావణంలో ముంచి సరిచూసే మనిషి లేకపోతే మీ డ్యాష్‌బోర్డు అందంగా అబద్ధం చెప్తుంది. పరిశ్రమల గొట్టాల దగ్గర పెట్టిన ఆన్‌లైన్ మీటర్ల మీద కూడా నాకు అదే అనుమానం. అంకె వస్తోంది, బాగానే ఉంది. చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారో రిజిస్టర్ చూపించమనండి.

ఈసీ, ఉష్ణోగ్రత రెండూ మొండివి, అవి పెట్టుకోవచ్చు. డీఓకి మాత్రం పాత వింక్లర్ పద్ధతి నేర్చుకోండి. వలిగొండ తమ్ముడికి చెప్తున్నా, వినండి.

300 మి.లీ. బీఓడీ సీసా, గాజు బిరడాతో. నీటిలో ముంచేటప్పుడు గలగల శబ్దం వచ్చిందంటే గాలి బుడగలు దూరినట్టే, పారబోసి మళ్లీ పట్టండి. నిండాక మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మి.లీ., పిపెట్ మొన నీటి లోపల ఉండగానే వదలాలి. బిరడా పెట్టి బోర్లించి, లేపి, బోర్లించి కలపండి. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు తుంపులు దిగుతాయి. లేకపోతే తెల్లగానే దిగుతాయి. వేసవిలో నగరం దాటాక మూసీలో పట్టిన సీసా తెల్లగా దిగితే ఆశ్చర్యపోకండి. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ. వేస్తే ఆ మడ్డి కరుగుతుంది. అందులోంచి 200 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి, అంటే చుక్కచుక్కగా వదలాలి, రంగు లేత పసుపుకి వచ్చాక స్టార్చ్ వేస్తే నీలం అవుతుంది, ఆ నీలం పోయిన చుక్క దగ్గర ఆపాలి. ఎన్ని మి.లీ. పట్టిందో దాదాపు అన్ని మి.గ్రా. డీఓ లీటరుకు. ఆమ్లంతో పని కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లల చేత చేయించకండి.

టైము రాయడం మర్చిపోకండి. నాచు ఉన్న నీటిలో మధ్యాహ్నం డీఓ ఎక్కువ చూపిస్తుంది, ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి. తెల్లారుజామున అదే చోట పడిపోతుంది. చేపలు చచ్చేది ఆ టైములోనే. 30 డిగ్రీల వేడి నీటిలో శుభ్రంగా ఉన్నా పట్టే ఆక్సిజన్ 7.5 మి.గ్రా. దగ్గరే, ఎక్కడైనా మధ్యాహ్నం 12 అని వస్తే నది బాగుపడిందని పండగ చేసుకోకండి, నాచు పెరిగిందని అర్థం.

వాగుగట్టు:
సార్, ఇది ప్రింట్ తీసి పెట్టుకుంటున్నా. పొద్దున ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం ఒకటి తీస్తాం ఐతే.

నాలాపక్కిల్లు:
రాత్రి సంగతి ఎవరూ మాట్లాడటం లేదే. నాకు కెమిస్ట్రీ రాదు కానీ మా నాలా టైంటేబుల్ నాకు బాగా తెలుసు. పొద్దున మామూలు డ్రైనేజీ వాసన. మధ్యాహ్నానికి పలచబడుతుంది. రాత్రి ఒంటిగంట దాటాక, ముఖ్యంగా వాన పడుతున్న రాత్రుళ్లు, ముక్కు పగిలే కెమికల్ ఘాటు, కళ్లు మండుతాయి, పొద్దున చూస్తే నీళ్లు ఒకో రోజు ఎర్రగా ఒకో రోజు ముదురు గోధుమ రంగులో. మా వీధి చివర మలుపులో నంబర్ ప్లేటుకి బురద పూసిన ట్యాంకర్ ఆగి పైపు వదలడం నేను మేడ మీంచి చూశాను. ఫోన్ చేస్తే మనుషులు వచ్చారు, కాదనను, మర్నాడు పదకొండింటికి వచ్చారు. అప్పటికి నాలా మామూలుగానే ఉంది. శాంపిల్ తీసుకుని "అంతా పరిమితుల్లోనే ఉంది మేడమ్" అన్నారు. ఉండదా మరి.

కృష్ణలంక_కుర్రాడు:
బెజవాడ నుంచి ఒక డౌటండి. మూసీ అంటే హైదరాబాద్ గొడవ కదా అని ఇన్నాళ్లూ ఈ టాపిక్‌లు చదవకుండా వదిలేశా. మా దాకా ఏమైనా వస్తుందా? మధ్యలో నాగార్జునసాగర్ ఉంది కదా, అంత పెద్ద డ్యాంలో అన్నీ అడుక్కి దిగిపోవా?

ఫైల్‌నంబర్:
తమ్ముడూ, మ్యాప్ తెరిచి చూడు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి దాదాపు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి సాగర్ డ్యాంకి దిగువన ఉంది, ఎగువన కాదు. అంటే సాగర్ నీకు అడ్డం కాదు. అక్కణ్ణుంచి కిందికి పులిచింతల, ఆ తర్వాత మీ ప్రకాశం బ్యారేజీ. మధ్యలో సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది, పులిచింతల ఉంది, దూరం ఉంది, కృష్ణ నీళ్లు కలిసి పలచబడతాయి, నిజమే. కానీ రెండు రాష్ట్రాల మండళ్లు ఎవరి హద్దులో వాళ్లు కొలుచుకుంటే వాడపల్లి దగ్గర మూసీ ఏం మోసుకొచ్చి కృష్ణలో వేస్తోందన్నది ఇద్దరికీ పక్కవాడి లెక్కే అవుతుంది. నది మొత్తాన్ని ఒక పరీవాహక ప్రాంతంగా చూడమనేది అందుకే.

కృష్ణలంక_కుర్రాడు:
అమ్మో. ఇది మా ఇంట్లో చెప్తే నా నెత్తిన ఇంకో వాటర్ ఫిల్టర్ ఖర్చు పడుద్ది.

పారాగడ్డి:
నేను ఇంకో మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. మేం పీర్జాదిగూడ దిక్కు మూసీ ఒడ్డున గడ్డి పెంచి మోపులు కట్టి అమ్ముకునేటోళ్లం. పారాగడ్డి ఈ నీళ్లకే ఏపుగా వస్తది, ఏడాది పొడుగునా కోత. పట్నంలో గేదెలు తినేది చాలా వరకు ఈ గడ్డే. మీరు సీసాలు పట్టుకొచ్చి, అంకెలు పెట్టి "మూసీ విషం" అని వాట్సాప్‌లో వేస్తారు. ఆ విషం వదిలినోని ఫ్యాక్టరీ ఒక్కరోజు ఆగదు, మా మోపు ధర మాత్రం మర్నాడే పడిపోతది. ఇంతకుముందు పేపరోళ్లు వేసినప్పుడు అదే జరిగింది. నీళ్లు మురికి చేసింది మేం కాదు, ఆ మురికిలోనే బతుకు చూసుకున్నోళ్లం. మాకు దురదలు, పుండ్లు వచ్చినప్పుడు ఏ ఒక్కరూ రాలేదు.

వాగుగట్టు:
అన్నా, నువ్వన్నది న్యాయమే. మాదీ అదే బతుకు. మా దగ్గర వరికి యూరియా తక్కువే పడుతుంది, మూసీ నీళ్లలో నత్రజని ఉంటుంది కాబట్టి. కానీ చేను ఊరికే ఏపుగా పెరిగి పడిపోతుంది, పొల్లు ఎక్కువ. ధాన్యం మిల్లుకి పోతే "మూసీ వడ్లా" అని మొహం చిట్లిస్తారు.

టైట్రేషన్72:
పారాగడ్డి గారి పోస్టు ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది. అంకె బయటపెట్టేటప్పుడు అది ఎవరి మెడకి చుట్టుకుంటుందో ముందే చూడాలి. నా సలహా, పొలాల దగ్గర కొలిచేది రైతుల ఆరోగ్యం కోసం, అది ముందు వాళ్లకి చెప్పాలి. నాలా నోటి దగ్గర, గొట్టం నోటి దగ్గర కొలిచేది ఊరందరికీ చెప్పాలి. గడ్డి మడి అంకె పేపర్‌కెక్కి గొట్టం అంకె ఫైల్లో పడుకోవడం ఇన్నాళ్లూ జరిగింది, అది తిరగబడాలి.

దిగేవాళ్లకి గమ్‌బూట్లు, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవడం, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర డాక్టర్‌ని అడిగి వేసుకోవడం. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా ఈ మూడూ రేపే మొదలుపెట్టొచ్చు.

సెన్సార్‌సాయి:
అయితే గోదావరి నీళ్లు తెచ్చి జంట జలాశయాల్లోంచి (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) మూసీలోకి వదులుతాం అంటున్నారు కదా, అప్పుడు బీఓడీ దానంతటదే పడిపోతుంది. సమస్య ఖతం కాదా?

టైట్రేషన్72:
అంకె పడిపోతుంది, మురికి పడిపోదు. లెక్క వేసి చూపిస్తాను.

లీటరుకు ఎన్ని మి.గ్రా. అన్నదాన్ని రోజుకు ఎన్ని మిలియన్ లీటర్లు అన్నదానితో గుణిస్తే రోజుకు ఎన్ని కిలోలో వస్తుంది. అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు. అది నిండుగా నడిచి, శుద్ధి చేసిన నీటిలో బీఓడీ 30 ఉందనుకోండి, రోజుకు 10,170 కిలోలు, అంటే పది టన్నుల ఆక్సిజన్ ఆకలి నదిలోకి వెళ్తుంది. అదే బీఓడీని 10కి దించితే 3,390 కిలోలు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో కొత్త కేంద్రాలకే కాదు, పాతవాటికీ 10 ఉండాలని అన్నది ఇందుకే. ఇక శుద్ధి లేకుండా నేరుగా వచ్చే మురుగు చూడండి. 200 బీఓడీ ఉన్న మురుగు 100 మిలియన్ లీటర్లు తప్పించుకుని నాలాలోంచి వచ్చిందంటే అదొక్కటే 20 టన్నులు. అంబర్‌పేట అంత పెద్ద కేంద్రం వదిలే దానికి రెట్టింపు. ఇందులోకి ఎన్ని గోదావరి నీళ్లు కలిపినా లీటరుకి ఎంత అన్నది తగ్గుతుంది గానీ ఆ 20 టన్నులు ఎక్కడికీ పోవు, కింద వాళ్ల దగ్గరికి పలచగా చేరతాయి.

అందుకే ఒట్టి మి.గ్రా. అంకె ఎవరైనా చూపిస్తే "ప్రవాహం ఎంత?" అని అడగండి. చాలా పట్టికల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది.

కొత్త నీళ్లు వద్దని కాదు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి, 1908 వరద తర్వాత కట్టినవి. గేట్లు మూసి ఉన్నన్నాళ్లూ వాటి కింద నదికి సొంత నీళ్లు లేవు. వేసవిలో బాపూఘాట్ కింద పారేదంతా దాదాపు నగరం వాడి వదిలిందే. నదికి కొంత నిత్య ప్రవాహం కావాల్సిందే. కానీ ముందు నాలాలు పట్టుకుని, తర్వాత నీళ్లు వదలాలి. వరస తిరగేస్తే గోదావరి నీళ్లూ మురికే.

ఫైల్‌నంబర్:
దీనికి కాగితం వైపు నుంచి నేను కొంత కలుపుతా. కేంద్ర మండలి బీఓడీని బట్టి కలుషిత నదీ భాగాలను అయిదు తరగతులు చేసింది. 30 దాటితే మొదటి తరగతి, అంటే అధ్వానం. 3 నుంచి 6 మధ్య ఉంటే అయిదోది. 2018 జాబితాలో దేశం మొత్తం మీద 351 భాగాలు, 2022 జాబితాలో 311. 2018లో మూసీ మొదటి తరగతిలో ఉంది. ఆ ఏడాది పేపర్‌లో వచ్చిన వార్తను పట్టుకుని ట్రైబ్యునల్ తనంతట తానే 673/2018 కేసు తీసుకుంది, ప్రతి రాష్ట్రం నది పునరుజ్జీవన కమిటీ వేసి కార్యాచరణ ప్రణాళిక ఇవ్వాలని చెప్పింది. ఆ ప్రణాళికలో ఏ నాలా, ఎంత ప్రవాహం, దానికి ఏ శుద్ధి కేంద్రం, ఏ తేదీకి అని రాసి ఉండాలి. పది రూపాయల ఆర్టీఐతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "మూసీ కాలుష్యం గురించి సమాచారం ఇవ్వగలరు" అని రాస్తే నాలుగు లైన్ల జవాబొస్తుంది. ఫలానా స్టేషన్‌లో ఫలానా రెండేళ్లలో తీసిన ప్రతి నమూనా తేదీ, సమయం, తీసిన చోటు, ప్రవాహం, ల్యాబ్ రిపోర్టు నకలు అని విడివిడిగా అడగండి.

ఇంకోటి చాలామందికి తెలియదు. 1974 నీటి చట్టం 25(6) ప్రకారం పరిశ్రమలకు ఏ షరతుల మీద అనుమతి ఇచ్చారో మండలి ఒక రిజిస్టర్ పెట్టాలి, సంబంధం ఉన్న ఎవరైనా వెళ్లి చూడొచ్చు. నాలా పక్కన ఇల్లున్న అక్కకి అంతకన్నా సంబంధం ఇంకేం కావాలి.

ఇక మీరు తీసిన సీసా కోర్టులో చెల్లుతుందా అంటే, పరిశ్రమ వదిలే నీటి నమూనాకు అదే చట్టంలో 21వ సెక్షన్ ఉంది. అధికారి నోటీసు ఇవ్వాలి, నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు, సంతకాలు, గుర్తింపు ఉన్న ల్యాబ్. ఇవి లేకపోతే రుజువుగా నిలబడదు. మీ సీసా శిక్ష వేయించదు. కానీ "ఈ టైముకి ఇక్కడికి రండి" అని వాళ్లను రప్పించడానికి అదే పనికొస్తుంది. ఏడాది పాటు ఒకే చోట, ఒకే పద్ధతిలో తీసిన రికార్డు చేతిలో ఉంటే ఒక్క ఉదయం తీసిన నమూనా చూపించి "పరిమితుల్లోనే ఉంది" అనడం అంత తేలిక కాదు.

నాలాపక్కిల్లు:
ఆ రిజిస్టర్ ఏ ఆఫీసులో ఉంటుందండీ? అడిగితే "అలాంటిదేం లేదమ్మా" అనరా?

ఫైల్‌నంబర్:
అంటారు. అందుకే సెక్షన్ నంబర్ రాసిన దరఖాస్తు రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోవాలి. ప్రాంతీయ కార్యాలయంలో ముందు అడగండి.

కృష్ణలంక_కుర్రాడు:
111 జీవో గోల కూడా దీనికి సంబంధించిందేనా? ఎత్తేశారని విన్నా.

ఫైల్‌నంబర్:
అది నది పైభాగం కథ. 1996 మార్చి 8న వచ్చింది. జంట జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దంది. ఆ హద్దులో నూనె ఫ్యాక్టరీ పెట్టుకోనివ్వాలన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు అంటారు, 1999లో, 2000లో తీర్పులు. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాడిదే అని చెప్పింది కోర్టు. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ద్వారా ఆ ఆంక్షలు ఎత్తేశారు, జలాశయాల నాణ్యత చెడకూడదన్న షరతుతో. చెడలేదని చెప్పాలన్నా ముందు కొలిచి ఉండాలి కదా. కింద పాడైన దాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే పైన కాపాడుకోవడానికి అయ్యేది చాలా తక్కువ. నా మటుకు ఆ జీవో ఎత్తేయడం పొరపాటు నిర్ణయం. అక్కడ భూములున్న రైతులకి వేరే అభిప్రాయం ఉంటుందని తెలుసు, వాళ్లకి ఇరవై ఆరేళ్లు ఏ పరిహారమూ లేకుండా హద్దులు గీసి కూర్చోబెట్టడం కూడా అన్యాయమే.

మోడరేటర్:
111 జీవో మీద విడిగా థ్రెడ్ ఉంది, వాదన అక్కడ చేసుకోండి. ఇక్కడ నీటి పరీక్షల వరకే.

సెన్సార్‌సాయి:
మందుల కంపెనీల యాంటీబయాటిక్స్ కూడా బీఓడీలో కనిపిస్తాయా? ఫార్మా హబ్ అంటారు కదా.

టైట్రేషన్72:
కనిపించవు. పైగా ఘాటైన రసాయనం ఉంటే బీఓడీ తక్కువ చూపించే ప్రమాదం ఉంది, తినాల్సిన సూక్ష్మజీవులే చచ్చిపోతాయి కాబట్టి. అందుకే సీఓడీ (సూక్ష్మజీవులతో కాకుండా రసాయనంతో కొలిచే ఆక్సిజన్ అవసరం) కూడా చేయించాలి, రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువుంటే మామూలు ఇళ్ల మురుగు కాదని అనుమానించాలి.

యాంటీబయాటిక్స్ సంగతి వేరు. 2007లో స్వీడన్ పరిశోధకుల బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. దాకా ఉందని ప్రచురించింది. అది శుద్ధి అయిన తర్వాత నీరు! పటాన్‌చెరు మురుగు సహజంగా నక్కవాగులోంచి మంజీరకి, అంటే గోదావరి వైపు పోవాలి. తర్వాత పైపు వేసి అంబర్‌పేటకి, అంటే మూసీలోకి తిప్పారు. ఒక పరీవాహక ప్రాంతం గొడవ తీర్చడానికి ఇంకో దానికి అంటగట్టారన్నమాట. 2020 జనవరిలో కేంద్రం ఫార్మా వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ పరిమితులతో ముసాయిదా ఇచ్చింది, 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయం. దీన్ని మీరు ఊళ్లో కొలవలేరు, ఖరీదైన యంత్రాలు కావాలి. విశ్వవిద్యాలయాల వాళ్లు నమూనాలు అడిగితే సహకరించండి, అంతే.

వాగుగట్టు:
ఇంతవరకు నాకు అర్థమైంది రాస్తున్నా, తప్పుంటే సరిచేయండి. మేం మొత్తం మూసీ కొలవలేం. నాలుగు చోట్లు పెట్టుకుంటాం. పిల్లాయిపల్లి కాలువ తలదగ్గర, భీమలింగం కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) పైన, కత్వ కింద, ఊళ్లో రెండు బావులు ఒక చోటు లెక్క. నెలకి రెండుసార్లు తెల్లారుజామున, వాన కాలం మొదటి వానకి అదనంగా.

టైట్రేషన్72:
బాగుంది. కత్వ పైన, కింద రెండూ పెట్టుకోవడం తెలివైన పని. మూసీ మీద పాత కత్వలు చాలా ఉన్నాయి, వాటి వెనక నీళ్లు నిలిచి మడ్డి దిగుతుంది, దూకేటప్పుడు గాలి కలుస్తుంది. అందుకే పట్నం దగ్గరకన్నా మీ దగ్గర కోలిఫాం, బీఓడీ తక్కువ రావచ్చు. అది శుద్ధి కేంద్రాల ఘనత అని ఎవరైనా చెప్పుకుంటే నమ్మకండి, కత్వ ఘనత. లవణాలు, నైట్రేట్ మాత్రం కత్వకి ఆగవు. దూకిన చోట నురగ తేలితే ఫొటో తీసి టైము రాయండి, సబ్బు పొడుల్లోని రసాయనం అది.

మొదటి వాన మాట మంచిది. వేసవంతా అడుగున పేరుకున్న మడ్డి ఒక్కసారి లేస్తుంది, నాలాల్లోని చెత్తంతా దిగుతుంది, డీఓ అమాంతం పడిపోయి చేపలు తేలతాయి. నెలవారీ పట్టికలో ఆ రోజు దాదాపు ఎప్పుడూ దొరకదు.

బావుల్లో నైట్రేట్ చేయించండి, తాగునీటికి 45 మి.గ్రా. పరిమితి. చంటిపిల్లలున్న ఇళ్లవి ముందు. ఫ్లోరైడ్ కూడా చేయించండి, కానీ అది ఎక్కువొస్తే మూసీని తిట్టకండి, నల్గొండ ఫ్లోరైడ్ రాతిలోంచి వచ్చేది. బావులకి హెచ్2ఎస్ సీసాలు వాడొచ్చు, నీళ్లు పోసి పక్కన పెడితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందంటే మలం కలిసిందని అనుమానించాలి. మూసీ నీళ్లకి ఆ సీసా దండగ, ప్రతిసారీ నల్లబడుతుంది.

పారాగడ్డి:
చేపలు చూసి చెప్పలేమా సార్? మా దగ్గర కొర్రమీను దొరుకుతది.

టైట్రేషన్72:
కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తుందండి, అది బతికిందంటే నీళ్లు మంచివని కాదు. రాళ్ల కింద చూడండి. బురదలో ఎర్రటి సన్న పురుగులు మాత్రమే ఉంటే ఆక్సిజన్ లేదని, తోకలు మూడున్న మేఫ్లై పిల్ల పురుగులు కనపడితే బాగుపడుతోందని. మూసీలో రెండోవి చూడాలంటే అనంతగిరి వైపు పోవాలేమో ప్రస్తుతానికి.

నాలాపక్కిల్లు:
నాకొక ఆలోచన. ఆ టీడీఎస్ పెన్ను మాట మొదట్లో "ఒక పని ఉంది" అన్నారు, చెప్పనేలేదు.

టైట్రేషన్72:
అవును. ఇళ్ల మురుగు వాహకత రోజూ ఇంచుమించు ఒకే తీరులో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ట్యాంకర్ వదిలితే, చాలా పారిశ్రామిక వ్యర్థాల్లో లవణాలు విపరీతం కాబట్టి, అంకె ఒక్కసారి లేస్తుంది. అమ్మా, మీ నాలాలో వారం రోజులు మామూలు టైముల్లో కొలిచి రాసి పెట్టుకోండి. తర్వాత ఘాటు వచ్చిన రాత్రి కొలవండి. తాడు కట్టిన బకెట్‌తో పైనుంచే, కిందికి దిగొద్దు, ట్యాంకర్ ఉండగా అసలు బయటికి రావొద్దు. వాళ్లు మంచివాళ్లు కారు.

సెన్సార్‌సాయి:
ఇదైతే నేను చేసిపెడతా! ఈసీ, టెంపరేచర్ రెండే. మేడమ్ గారి మేడ మీంచి వైరు దించి నాలాలో ప్రోబ్, డబ్బా ఇంట్లోనే ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు. అంకె లేస్తే ఫోన్‌కి అలారం. తుడవడానికి ఆదివారం ఆదివారం నేనే వస్తా.

నాలాపక్కిల్లు:
రా బాబూ, టిఫిన్ కూడా పెడతా. కానీ అలారం రాత్రి రెండింటికి మోగితే ఎవరికి ఫోన్ చేయాలి, అది ముందు తేల్చండి.

ఫైల్‌నంబర్:
మండలికి, లోకల్ పోలీస్ స్టేషన్‌కి, రెండిటికీ. టైము పడేలా మెసేజ్ కూడా పెట్టండి, ఫోన్ మాత్రమే చేస్తే రికార్డు ఉండదు. నెల రోజుల అలారం పట్టిక నాకు పంపితే రాత్రి తనిఖీ కోరుతూ దరఖాస్తు రాసిపెడతా.

వాగుగట్టు:
అక్కా, అలారం మోగినప్పుడల్లా ఇక్కడ కూడా ఒక ముక్క పెట్టండి. ఆ నీళ్లు మా దాకా ఎన్నాళ్లకి దిగుతాయో మా పెన్నుతో చూస్తాం, రెండు పట్టికలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సార్, ఒక్కటే మిగిలింది. బీఓడీ సీసాలు భువనగిరి నుంచి హైదరాబాద్ ల్యాబ్‌కి బస్సులో పంపిస్తే పర్లేదా? శనివారం పంపితే సోమవారం తీస్తారట.

టైట్రేషన్72:
పనికిరాదు. ఐస్ పెట్టెలో 4 డిగ్రీల దగ్గర పెట్టి 24 గంటల లోపు ల్యాబ్‌లో పరీక్ష మొదలవ్వాలి, కోలిఫాం ఐతే ఇంకా తొందరగా, దానికి వేడి చేసి శుద్ధి చేసిన సీసా వేరే. శనివారం మానేసి మంగళవారం తెల్లారుజామున తీయండి, తొలి బస్సుకి ఇవ్వండి. సీసా మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు ఐస్ నీళ్లకి కారిపోతుంది.

పారాగడ్డి:
పీర్జాదిగూడ దగ్గర కూడా ఒక చోటు పెట్టుకోండి. సీసా నేను పడతా, గడ్డి మడి దగ్గర కాదు, నాలా కలిసే కాడ.

వాగుగట్టు:
తప్పకుండా అన్నా. వచ్చే మంగళవారం మొదటిది. రెండు సీసాలు నీకు ఉప్పల్ దాకా తెచ్చిస్తా.